"మన సంస్కృతి" అని ఎవరైనా అంటే ఏం చేయాలి?

ఊళ్లో పంచాయితీ అయినా, పెళ్లి మాటలైనా, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపైనా, ఎవరో ఒకరు "ఇది మన సంస్కృతి" అంటారు, అంతే, అందరూ గప్‌చుప్. మీరు ఊరుకోవద్దు, అట్లని కోపానికీ రావద్దు. ముందు ఆ మాట ఏ అర్థంలో పడిందో చూడండి. 1952లో క్రోబర్, క్లక్‌హోన్ అనే ఇద్దరు అమెరికా మానవ శాస్త్రవేత్తలు కూర్చుని లెక్కపెడితే దీనికి 160కి పైగా నిర్వచనాలు తేలాయి.

మనకు మూడు చాలు. సంస్కృతి అన్న చోట "కళలు, సాహిత్యం" అని పెట్టి చదవండి. కుదరకపోతే "బతుకు తీరు" అని పెట్టండి. అదీ కుదరకపోతే "దాటకూడని గీత" అని పెట్టండి, కొట్లాటలన్నీ ఈ మూడోదాంతోనే.

మొదటి రెండింటి తేడాకు మన పాలమూరు పెద్దమనిషి సురవరం ప్రతాపరెడ్డిని చూడండి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పారు, అది మొదటి అర్థం. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వేసినప్పుడు మాత్రం రాజుల సంగతి పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికారు. అది రెండోది.

ఇప్పుడు అసలు కిటుకు. మాట రెండో అర్థంలో మొదలై మూడో అర్థంలోకి జారుతుంది, మధ్యలో ఒక "కాబట్టి" ఉంటుంది, దాన్ని పట్టుకోండి. "బతుకమ్మ మన సంస్కృతి", నిజమే. "కాబట్టి కింది కులపోళ్లు పక్కకు ఆడాలె", ఇది పూలలోంచి రాలేదు, భావజాలంలోంచి వచ్చింది.

భావజాలం అంటే ఎదుటోడి పిచ్చి అన్నట్టు వాడుతున్నాం (నేనూ అంతే, నాదైతే ఆలోచన, వాడిదైతే భావజాలం). 1796లో ఫ్రాన్సులో డెస్ట్యూ ద ట్రేసీ అనే తత్వవేత్త దీని అసలు మాట "ఐడియాలజీ"ని పుట్టించింది ఆలోచనల శాస్త్రానికి పేరుగా, తిట్టుగా మార్చింది నెపోలియన్. నాకు పనికొచ్చేది గ్రాంసీ అనే మార్క్సిస్టు ఆలోచనాపరుడు ఇటలీ జైల్లో రాసుకున్న సంగతి: కర్ర ఎత్తే పని లేకుండా కిందోడే "ఇది ఇంతే" అని ఒప్పుకోవడం. నల్లగొండోళ్లకు ఇది ఒకరు చెప్పాలా? "నీ బాంచెన్, కాల్మొక్త" ఒకప్పుడు మర్యాద, వెట్టి రివాజు. దొర దగ్గర కర్ర కూడా ఉండేది గానీ, రోజూ పనిచేసింది ఆ మర్యాదే. సంఘం (ఆంధ్ర మహాసభ) వచ్చాకే అది రివాజు కాదు, దోపిడీ అన్న మాట ఊళ్లల్లో గట్టిగా వినబడింది, 1946లో కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగింది ఆ రోజుల్లోనే.

కాబట్టిని పట్టుకున్నాక అడగాల్సినవి: పని ఎవరిది, ముందు నిలబడేది ఎవరు, ఎప్పటి నుంచి? అడిగే తీరు కూడా ముఖ్యం. దేవరకొండ దిక్కు మా ఊళ్లో ఓ దసరాకు డీజే వద్దు, డప్పే కావాలె, అది మన సంస్కృతి అని పెద్దలు తేల్చారు. గుడి ముందు గడ్డి మంట మీద డప్పు కాపుతున్న పిల్లగాడు తలెత్తకుండానే అన్నాడు: "మంచిదే పటేలా. ఈసారి మీరు కొట్టుండ్రి, జమ్మి కాడ మేం ముందు నిలబడుతం." కాసేపు గడ్డి చిటపట తప్ప చప్పుడు లేదు. డీజే రాలేదు, డప్పు ఆ పిల్లగాడే కొట్టాడు, జమ్మి కాడ ముందు పటేలే నిలబడ్డాడు. కానీ ఆ రాత్రి ఎవరూ సంస్కృతి అన్న మాట ఎత్తలేదు.

"ఎప్పటి నుంచి" అన్న ప్రశ్న మాత్రం చూసుకుని వాడండి. మా చెల్లె పెళ్లి మాటల్లో అవతలివాళ్లు కట్నం మన ఆచారం అంటే, మా తాత పెళ్లికి మగపెళ్లివాళ్లే ఓలి ఇచ్చారు గదా, ఆ ఆచారం ఎటు పోయిందని అడిగాను. జవాబు వాళ్ల నుంచి రాలేదు, మా పెద్దమ్మ నుంచి వచ్చింది: "నువ్వు లేచి బయట కూసో బిడ్డా."