రాష్ట్ర ఐటీ పెద్దను మళ్లీ నియమించారా? ఆ జీవోను చదవడం, ప్రశ్నించడం ఎలా?

ఆదోని పక్క పల్లె నుంచి ఆదాయ ధ్రువపత్రం కోసం వార్డు సచివాలయానికి వచ్చిన కూలీకి "సర్వర్ రావట్లేదన్నా, మధ్యాన్నం మీద రాండి" అనే జవాబు వస్తే, ఆ రోజు కూలి పోయినట్టే. కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి చేయగలిగింది ఏమీ లేదు. ఆ సర్వర్ కాంట్రాక్టు ఎవరికిచ్చారు, పాడైతే ఎన్ని గంటల్లో బాగుచేయాలి అన్నవి రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడిలో తేలతాయి. అందుకే ప్రభుత్వ ఐటీ వ్యవహారాలు నడిపే పై అధికారి గడువు ముగిశాక అదే మనిషిని మళ్లీ కూర్చోబెడితే, పేపర్లో ఓ మూలన వచ్చే నాలుగు లైన్ల వార్త కర్నూలు వాళ్లకూ సంబంధించిందే.

మళ్లీ నియమించడమే తప్పని నేను అనను. పని తెలిసిన మనిషి కొనసాగితే జనానికి మేలు. కానీ ఏ పని చూసి కొనసాగించారో కాగితం మీద ఉండాలి, ఆ కాగితం మనకు కనపడాలి.

ముందు జీవో సంపాదించండి

వార్తతో ఆగకుండా అసలు ఉత్తర్వు పట్టుకోవాలి. ప్రభుత్వ జీవోఐఆర్ వెబ్‌సైటులో శాఖ, తేదీ ఇచ్చి వెతకొచ్చు. 2021 ఆగస్టులో ఆ సైటులో జీవోలు పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టు చివర్లో మళ్లీ మొదలుపెట్టారు. కాబట్టి మధ్యకాలపు ఉత్తర్వులు అక్కడ దొరక్కపోతే కంగారు పడకండి, వాటిని దరఖాస్తు పెట్టి అడగొచ్చు.

చాలామంది ఇబ్బంది పడేది శాఖ దగ్గర. ఐటీ అధికారి కదా అని ఐటీ శాఖ పేజీలోనే వెతుకుతారు. ఐఏఎస్‌ల పోస్టింగుల జీవోలు సాధారణ పరిపాలన శాఖ నుంచి, ప్రధాన కార్యదర్శి సంతకంతో వస్తాయి. బయటి నిపుణుణ్ణి తీసుకున్నప్పుడు ఐటీ శాఖే ఇవ్వొచ్చు. ఏపీ టెక్నాలజీ సర్వీసెస్, ఫైబర్‌నెట్, రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ లాంటి ప్రభుత్వ సంస్థల్లో పోస్టు అయితే ఆ సంస్థ రికార్డులు కూడా చూడాలి.

జీవో చేతికొచ్చాక అందరూ మధ్యలో ఉన్న ఆర్డర్ ఒక్కటే చదివి వదిలేస్తారు. దానికి పైనున్న రిఫరెన్సుల జాబితా చూడండి. పాత నియామకం జీవో నంబరు, శాఖ రాసిన లేఖ తేదీ, మాతృశాఖ (ఆ అధికారి అసలు పనిచేసే శాఖ) ఇచ్చిన సమ్మతి లాంటివన్నీ అక్కడే వరుసగా ఉంటాయి. రేపు మీరు దరఖాస్తులో రాయాల్సినవి ఆ నంబర్లే.

ఇది ఏ రకం నియామకం?

బయటికి అన్నీ 'మళ్లీ ఆయన్నే వేశారు' అన్నట్టే ఉంటాయి. లోపల మూడు వేర్వేరు దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రూలు.

సర్వీసులో ఉన్న ఐఏఎస్‌ని అదే పోస్టుకు మళ్లీ తెస్తే అది మామూలు పోస్టింగు. కేడర్ పోస్టుల్లో, అంటే ఐఏఎస్‌లకే కేటాయించిన వాటిలో, సాధారణంగా కనీసం రెండేళ్లు ఉంచాలని 2014లో కేడర్ రూల్సు మార్చారు. అంతకుముందు 2013 అక్టోబరు 31న టీ.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు బదిలీలు, పోస్టింగుల మీద సిఫారసు చేసే సివిల్ సర్వీసెస్ బోర్డులు పెట్టమని, అధికారులు నోటిమాట ఆదేశాలమీద నడవకూడదని చెప్పింది. ఇక్కడ మీ ప్రశ్న ఒకటే: బోర్డు సిఫారసు ఉందా?

రైల్వే, ఆదాయపన్ను, టెలికాం లాంటి కేంద్ర సర్వీసుల నుంచి వచ్చిన వాళ్లయితే డిప్యుటేషన్ (వేరే శాఖ నుంచి కొంతకాలానికి పంపడం) పొడిగింపు. దానికి మాతృశాఖ సమ్మతి కావాలి. ఆ సమ్మతి ఎప్పటిదాకా ఉందో, జీవోలో గడువు ఎప్పటిదాకా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి.

మూడోది రిటైరైన వారిని, లేదా ప్రైవేటు రంగం వారిని కాంట్రాక్టు మీద తీసుకోవడం. ఐఏఎస్‌కు 60 ఏళ్లు, రాష్ట్ర ఉద్యోగికి 2022 జనవరి నుంచి 62 ఏళ్లు నిండితే రిటైర్మెంట్. ఆ తర్వాత ఇచ్చేది కొత్త ఒప్పందం కింద లెక్క. గడువు, జీతం, కారు, ఇల్లు, ఎవరికి జవాబుదారీ, మధ్యలో తీసేయాలంటే ఎన్ని రోజుల నోటీసు అన్నీ రాసి ఉండాలి. ఎక్కువ శ్రద్ధగా చదవాల్సింది ఈ రకాన్నే. 'తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు' అని మాత్రమే ఉండి తేదీ లేకపోతే అక్కడ గీత గీసి పెట్టుకోండి.

దరఖాస్తు ఎలా రాయాలి?

సమాచార హక్కు చట్టం, 2005 కింద తెలుగులోనే తెల్లకాగితం మీద రాయొచ్చు. కారణం చెప్పాల్సిన పనిలేదు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. రాష్ట్ర సచివాలయానికి కాబట్టి పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేయండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు, రుజువుగా కార్డు జిరాక్సు పెడితే చాలు.

"ఎందుకు మళ్లీ వేశారు?" అని మాత్రం అడగకండి. అభిప్రాయం చెప్పాల్సిన పని మాకు లేదని తిప్పి పంపుతారు, ఆ మాట చట్టప్రకారం చెల్లుతుంది కూడా. ఆఫీసులో ఉన్న కాగితాన్ని అడగాలి. ఇలా రాయండి:

"ఫలానా నంబరు, ఫలానా తేదీ జీవోకు సంబంధించిన ఫైలులోని నోట్ షీట్ల (అధికారులు ఫైలు మీద రాసిన వ్యాఖ్యల) నకళ్లు ఇవ్వండి. రిఫరెన్సుల్లోని లేఖల నకళ్లు ఇవ్వండి. నియామక షరతులు, ఒప్పందం ప్రతి ఇవ్వండి. మొదటి పదవీకాలంలో ఈ అధికారి పనిని సమీక్షించిన సమావేశాల మినిట్స్ ఇవ్వండి. అదే కాలంలో పౌర సేవల సర్వర్లు ఆగిన రోజులు, గంటల రికార్డు ఇవ్వండి. నిర్వహణ సంస్థల మీద వేసిన జరిమానాల వివరాలు ఇవ్వండి."

నా దృష్టిలో చివరి రెండే ప్రాణం. జీతం ఎంతో తెలిస్తే ఒక రోజు వార్త అవుతుంది. సర్వర్ ఎన్నిసార్లు పడిపోయింది, పడినప్పుడు కంపెనీ మీద చర్య తీసుకున్నారా అన్నది తెలిస్తే ఆదోని కూలీ పోగొట్టుకున్న రోజుకు లెక్క దొరుకుతుంది.

కొన్నిటిని అడిగినా ఇవ్వరు. అధికారి రహస్య నివేదికలు వ్యక్తిగత సమాచారమని 2012లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది, వాటి జోలికి పోవద్దు. సైబర్ భద్రతా ఆడిట్ నివేదిక మొత్తం అడిగినా తిరస్కరిస్తారు, అందులో న్యాయమూ ఉంది. ఆడిట్ ఏ తేదీన జరిగింది, ఏ సంస్థ చేసింది అన్నంతవరకు అడగండి. క్యాబినెట్ కాగితాలు అంటే మొత్తంగా మూసేసినట్టు కాదు, నిర్ణయం జరిగి వ్యవహారం ముగిశాక వాటిని బయటపెట్టాలని చట్టంలోనే ఉంది.

వెలగపూడి మనకు మూడొందల కిలోమీటర్లకు పైనే. తిరగొద్దు. సంబంధిత శాఖ పౌర సమాచార అధికారి పేరున కర్నూలు హెడ్ పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దరఖాస్తు నకలుకు పిన్ను కొట్టి పెట్టుకోండి. తప్పు శాఖకు వెళ్లినా అయిదు రోజుల్లో సరైన శాఖకు వాళ్లే బదిలీ చేయాలి.

జవాబు రాకపోతే?

30 రోజులు గడువు. రాకపోయినా, అరకొరగా వచ్చినా, మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అదీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున, 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అప్పీలులో కోపం రాయకండి. దరఖాస్తు తేదీ, పోస్టు రసీదు నంబరు, ఏ ప్రశ్నకు జవాబు రాలేదు, ఇవే రాయండి.

కాగితాలు వచ్చాక బీరువాలో పెట్టొద్దు. ఒక సెట్టు మీ నియోజకవర్గం ఎమ్మెల్యేకు ఇచ్చి, వచ్చే సమావేశాల్లో దీనిమీద ప్రశ్న వేయమని రాతపూర్వకంగా అడగండి. ఇంకో సెట్టు జిల్లా విలేకరులకు ఇవ్వండి. సర్వర్ ఆగిన తేదీలు చేతిలో ఉంటే, ఆ రోజుల్లో పని కాక వెనుదిరిగిన వాళ్లచేత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీలు ఇప్పించండి. ప్రతి అర్జీకి రసీదు తీసుకోండి.