పని వెనకబడుతోందా? మనుషులను పెంచే ముందు చూసుకోవాల్సినవి

పొలమైనా, డెయిరీ అయినా, నర్సరీ అయినా పని వెనకబడగానే "ఇంకో ఇద్దరిని పెట్టుకుందాం" అనిపిస్తుంది. కొన్నిసార్లు అదే పరిష్కారం. కొన్నిసార్లు జీతాల ఖర్చు పెరుగుతుంది, పని మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ముందు ఏ పని ఆగుతోందో, ఏ నెలల్లో ఆగుతోందో చూడండి.

సమస్య: కోత అదునుకి అందడం లేదు

బెండ రోజు విడిచి రోజు కోయాల్సిన పంట. రెండు రోజులు ఆలస్యమైతే కాయ ముదిరి పీచు పడుతుంది, గ్రేడింగ్‌లో పక్కకి పోతుంది. ముదురు కాయలు మొక్క మీదే ఉండిపోతే తర్వాతి కాపూ తగ్గుతుంది.

లోటు ఎంతో లెక్క వేయండి. ఒక కోతకి 48 గంటల పని ఉందనుకుందాం. ఎండ ముదరకముందు మనిషికి దొరికేది 4 గంటలే అయితే 12 మంది కావాలి. మీ దగ్గర 8 మందే ఉంటే నలుగురు తక్కువ. ఇదే లెక్క నెలనెలా ఒక పుస్తకంలో రాయండి. రెండు నెలలే లోటు కనిపిస్తే సీజన్ కూలీలు చాలు. వచ్చే పంటకి విత్తనం విడతలుగా, పది పదిహేను రోజుల తేడాతో వేస్తే కాపంతా ఒకేసారి మీద పడదు. ఏడాదిలో ఎక్కువ నెలలు లోటే ఉంటే అప్పుడు పర్మినెంట్ మనిషిని పెట్టుకోవచ్చు.

అంతకంటే ముందు ఒక పూట గట్టు మీద నిలబడి చూడండి. కోసినవాళ్లు ఖాళీ క్రేట్ల కోసం ఎదురుచూస్తున్నారా? ఉన్న ఒక్క కాటా దగ్గర వరస కడుతున్నారా? అలాగైతే కొనాల్సింది క్రేట్లూ ఇంకో కాటా. మనుషులను పెంచితే వరస ఇంకా పొడుగవుతుంది.

సమస్య: పాలు తగ్గాయి, పొదుగువాపు పెరిగింది

చేతులు తక్కువైనప్పుడు మొదట ఎగిరిపోయేది శుభ్రత. తొలి ధారలు విడిగా పిండి చూడటం, పితికాక చనుమొనలను మందులో ముంచడం మానేస్తారు. పొదుగు కడిగాక పాలు చేపడం, అంటే పాలు కిందికి దిగడం, కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆలోగా మనిషి రాకపోతే పాలు పొదుగులోనే మిగులుతాయి. అయితే పాలు పితికే మిషన్‌లో చనుమొనలకి తొడిగే రబ్బరు లైనర్లు అరిగినా, వాక్యూమ్ సరిగా లేకపోయినా ఇదే బాధ వస్తుంది. ముందు మిషన్ చూపించండి.

మిషన్ బాగానే ఉంటే సెలవుల లెక్క చూడండి. పశువులకి ఆదివారం ఉండదు. రోజూ ఇద్దరు కావాలంటే వారానికి 14 మనిషి రోజులు. ఇద్దరికీ వారానికో సెలవిస్తే వచ్చేవి 12. అంటే ఇద్దరితో ఎప్పటికీ సరిపోదు. వారానికి రెండు రోజులు వచ్చే మూడో మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే ఉన్న ఇద్దరూ అలిసిపోతారు, లేదా ఆ రెండు రోజులూ మీరే పితుకుతారు.

సమస్య: పొలం పని జరుగుతోంది, ఆఫీసు పని ఆగిపోయింది

బిల్లులు పంపడం ఆలస్యం, రావాల్సిన డబ్బు ఆలస్యం, కొనేవాళ్ల ఫోన్లు ఎత్తేవాళ్లు లేరు. కారణం చాలాసార్లు యజమానే. మందు కలపడం దగ్గర్నుంచి లోడు పంపడం దాకా అన్నీ తన చేతి మీదే జరగాలంటాడు. ఇక్కడ ఇంకో కూలీ వల్ల లాభం లేదు. లెక్కలు చూసే మనిషో, పని పురమాయించే మేస్త్రీయో కావాలి. నా ఉద్దేశంలో అందరూ వాయిదా వేసే నియామకం ఇదే. రెండు రోజులు మీరు లేకుండా చూడండి. ఏ పని ఆగితే ఆ పనికే మనిషిని వెతకండి.

సమస్య: పెట్టినవాళ్లు నిలవడం లేదు

ఇది మనుషుల కొరత కాదు. జీతం తేదీకి అందుతోందా, సెలవు దొరుకుతోందా, ఎవరి మాట వినాలో వాళ్లకి తెలుసా? ఇవి సరిచేయకుండా కొత్తవాళ్లను తెచ్చినా వాళ్లూ వెళ్లిపోతారు.

పెట్టుకోవాలని తేలాక

ఖర్చు లెక్కలో జీతమే కాదు, రవాణా, బీమా, చేతి తొడుగులు, నేర్పడానికి పట్టే సమయం కూడా వేయండి. దాని పక్కన మనిషి లేక పోగొట్టుకుంటున్న సరుకు విలువ రాయండి. నష్టమే ఎక్కువైతే ఆలస్యం వద్దు. కోత మొదలయ్యే రోజున కాకుండా మూడు నాలుగు వారాల ముందే తీసుకోండి. కోత మధ్యలో కొత్తవాళ్లకి నేర్పడానికి ఎవరికీ తీరిక ఉండదు, ఈలోగా కోతకి రాని కాయా కోసేస్తారు.