ఎన్ని సెంటీమీటర్ల మంచు పడుతుంది? అంచనా కట్టే పద్ధతి, అది తప్పే చోట్లు

హిమపాతం అంచనా మూడు లెక్కల మీద నడుస్తుంది: మేఘాల నుంచి దిగే నీరు ఎంత, అందులో మంచుగా నేలకు చేరేది ఎంత, ఆ మంచు ఎంత గుల్లగా పేరుకుంటుంది. ఒకదానిలో చిన్న పొరపాటు జరిగితే మిగతావి దాన్ని పెంచుతాయి. వానలో 2 మిల్లీమీటర్ల తేడాను ఎవరూ పట్టించుకోరు. మంచు విషయంలో అదే తేడా 2 నుంచి 4 సెంటీమీటర్లవుతుంది.

నీటి లెక్క కంటే ముందు, పడేది మంచా వానా అన్నది తేల్చుకోండి. నేల దగ్గరి ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు. వాతావరణ బెలూన్ చార్టు గానీ, కంప్యూటర్ మోడల్ ఇచ్చే నిలువు ప్రొఫైల్ (ఎత్తును బట్టి ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చూపే గీత) గానీ తెరిచి పైనుంచి కిందికి చదవండి. మేఘం పైభాగం మైనస్ 10 డిగ్రీల కంటే చల్లగా లేకపోతే మంచు స్ఫటికాలు ఏర్పడడమే కష్టం. తర్వాత, మధ్యలో ఎక్కడైనా సున్నా దాటిన వెచ్చని పొర ఉందేమో వెతకండి. అందులో గరిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ లోపుంటే మంచు దాదాపు మంచుగానే దిగుతుంది. 1 నుంచి 3 మధ్య ఉంటే కొంత కరిగి, కింది చల్లగాలిలో మళ్లీ గట్టిపడి గుళికలుగా రాలుతుంది. 3 దాటితే పూర్తిగా నీరైపోతుంది. అప్పుడు నేల సున్నా కంటే చల్లగా ఉంటే ఆ వాన తాకిన చోటల్లా గడ్డకడుతుంది. ఈ పొర కొన్ని వందల మీటర్ల మందమే ఉండొచ్చు. సుమారు 1,500 మీటర్ల ఎత్తును చూపే 850 హెక్టోపాస్కల్ (గాలి పీడనానికి కొలత) మ్యాపులో అంతా మైనస్‌లోనే కనిపిస్తున్నా, దానికి కాస్త పైనో కిందో ఉండిపోతుంది. అందుకే ఒక్క మ్యాపుతో తేల్చేయకూడదు.

ఇక నేల దగ్గర చూడాల్సింది వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే నీరు ఆవిరవుతూ గాలిని ఎంత వరకు చల్లబరచగలదో ఆ అంకె. గాలి 3 డిగ్రీలుండి, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 5 అయితే వెట్ బల్బ్ సుమారు సున్నా. అంటే పడే మంచు కొంత ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తుంది. వానతో మొదలైనా కాసేపటికి మంచుగా మారే అవకాశం గట్టిగా ఉంటుంది. అదే 3 డిగ్రీల గాలి తేమతో నిండి ఉంటే ఈ చల్లదనం దొరకదు, వానే పడుతుంది.

నీటి మొత్తానికి ఒక్క మోడల్‌ను నమ్ముకోవద్దు. యూరోపియన్ వాతావరణ కేంద్రం ఎన్‌సెంబుల్‌లో, అంటే ఆరంభ స్థితులను కాస్త మార్చి ఒకే మోడల్‌ను పలుమార్లు నడిపే పద్ధతిలో, 51 అంచనాలుంటాయి. వాటి సగటు కంటే అవి ఎంత దూరం చెదిరాయన్నదే ముఖ్యం. అల్పపీడనం దారి కొద్ది పదుల కిలోమీటర్లు పక్కకు జరిగినా భారీ మంచు పట్టీ మరో ఊరి మీద పడుతుంది. 2015 జనవరి చివర్లో న్యూయార్క్ నగరానికి 50 నుంచి 75 సెంటీమీటర్లు చెప్పారు. తుపాను కాస్త తూర్పుగా నడిచింది. సెంట్రల్ పార్క్‌లో పడింది 25 సెంటీమీటర్లే. లాంగ్ ఐలాండ్ తూర్పున మాత్రం 60 దాటింది. తుపాను నిజమే, దాని అంచు ఎక్కడన్నదే తప్పింది. అంచు దగ్గరున్న ఊరికి అంచనా చెప్పేటప్పుడు ఆ సంగతి విడిగా రాయండి.

నీటిని మంచు లోతుగా మార్చడానికి అందరూ వాడేది 10:1 నిష్పత్తి. 10 మిల్లీమీటర్ల నీటికి 10 సెంటీమీటర్ల మంచు. మొదటి ఊహగా పనికొస్తుంది, అంతకు మించి కాదు. తడి మంచుకు 5:1, పొడి మంచుకు 20:1 కూడా మామూలే. మైనస్ 12 నుంచి మైనస్ 18 డిగ్రీల మధ్య కొమ్మలు చాచిన స్ఫటికాలు బాగా పెరుగుతాయి. గాలి బలంగా పైకి లేచే చోటు సరిగ్గా ఈ పొరలో పడితే నిష్పత్తి పెంచండి. నేల దగ్గర ఈదురుగాలులుంటే తగ్గించండి, కొమ్మలు విరిగి మంచు దట్టంగా పరుచుకుంటుంది.

ఒక లెక్క చూద్దాం. మొత్తం నీరు 12 మిల్లీమీటర్లు. మొదటి 4 వానగా పోతాయనుకుంటే మిగిలింది 8. నిష్పత్తి 8:1 అయితే 6.4 సెంటీమీటర్లు. వాన అసలు పడకుండా, నిష్పత్తి 12:1 ఉంటే 14.4. అంచనాలో 6 నుంచి 14 అని రాసి, ఏ అంకె వైపు మొగ్గుందో, దేన్ని బట్టి మారుతుందో చెప్పాలి. ఇంత పెద్ద తేడా చెప్పడానికి వెనకాడొద్దు, సున్నా దగ్గర ఉన్న పరిస్థితి అంతే. నేల వెచ్చగా ఉండి మంచు మెల్లగా పడితే పడింది పడినట్టే కరుగుతుంది కాబట్టి కింది అంకెను ఇంకా దించండి. గంటకు 2, 3 సెంటీమీటర్లు కురిస్తే వెచ్చని నేల కూడా దాన్ని ఆపలేదు.

సీజన్ మొత్తానికి చేసే అంచనా వేరే పని. ఎల్‌నినో, లానినా (పసిఫిక్ సముద్రం వేడెక్కడం, చల్లబడడం) మంచు పడే అవకాశాలను కొంత అటూ ఇటూ జరుపుతాయి గానీ, ఒకే ఒక్క తుపాను సీజన్ లెక్కనంతా మార్చేయగలదు.

నిజంగా పడిన మంచును తప్పకుండా కొలవండి. సుమారు 40×60 సెంటీమీటర్ల తెల్లరంగు పలకను ముందే చెట్లకు, గోడలకు దూరంగా పరచాలి. 6 గంటలకొకసారి కొలిచి తుడవండి. అంతకంటే తరచుగా తుడిస్తే మంచు తన బరువుకు అణగడానికి వ్యవధి ఉండదు, మొత్తం ఎక్కువ వస్తుంది. పక్కనే నిటారుగా ఉండే గొట్టంలో మంచు పట్టి, కరిగించి నీరెంతో రాసుకుంటే అసలు నిష్పత్తి తెలుస్తుంది. నీటి అంచనా సరిగ్గా ఉండి లోతు తప్పితే నిష్పత్తిని, నీరే తప్పితే తుపాను దారిని మళ్లీ చూసుకోవాలి.