పాత బండికి ఇంట్లో చేసిన విండ్‌షీల్డ్: ఏ తేడా ఎందుకొస్తుంది, ఎలా సరిచేయాలి

తిరుపతి నుంచి చిత్తూరుకు దాదాపు డెబ్బై కిలోమీటర్లు. డిసెంబరులో తెల్లవారుజామున బండి తీస్తే చంద్రగిరి దాటేసరికే చలి ఛాతీలోకి దిగిపోతుంది. నాన్న వాడిన బుల్లెట్‌కి విండ్‌షీల్డ్, అంటే ఎదురుగాలిని ఆపే ప్లాస్టిక్ షీటు, చేసుకున్నది అందుకే. ఇప్పుడు బండి మీద ఉన్నది మూడోది. మొదటి రెండూ పోయింది షీటు పల్చనై కాదు, బెజ్జాలు వేసిన తీరు వల్ల, బోల్టులు బిగించిన తీరు వల్ల. అందుకే ఏ తేడా కనబడినా, ఇంకా మందం షీటు కొనేముందు బెజ్జాలూ క్లాంపులూ చూడమంటాను.

బోల్టు దగ్గర పగులు

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. నాది పనపాకం దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద టప్‌మంది. దిగి చూస్తే కుడివైపు కింది బెజ్జం నుంచి వెంట్రుకలాంటి గీత. గోటితో రాస్తే గోరు అక్కడ ఆగింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జానెడు పాకింది.

నేమ్ బోర్డులు చేసే షాపులో అడగ్గానే ఇచ్చేది మామూలుగా యాక్రిలిక్. నిగనిగలాడుతుంది, గీతలు తక్కువ పడతాయి, కానీ పెళుసు. పాలీకార్బొనేట్ మీద గీతలు తొందరగా పడతాయి గానీ రాయి తగిలినా అంత తేలిగ్గా పగలదు. ముఖానికి ఎదురుగా ఉండే వస్తువు కాబట్టి పాలీకార్బొనేటే తీసుకోండి, 3 మిల్లీమీటర్ల మందం చాలు.

షీటు మంచిదైనా బెజ్జం బిగువుగా ఉంటే పగులుతుంది. ప్లాస్టిక్ ఎండకు సాగుతుంది. రెండడుగుల షీటు తెల్లవారుజాము చలికీ, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపినప్పటి వేడికీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగానే పెరిగి తగ్గుతుంది. బోల్టు దానికి చోటివ్వకపోతే ఆ ఒత్తిడంతా బెజ్జం అంచు మీద పడుతుంది. పైనుంచి బుల్లెట్ అదురు ఎలాగూ ఉంది.

సరిచేసే పద్ధతి ఇది. 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 మిల్లీమీటర్ల బెజ్జం వేసి అందులో రబ్బరు బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టం) పెట్టండి. రెండు పక్కలా వెడల్పాటి వాషరు, చివర నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకు వదులవని నట్) వేయండి. రబ్బరు కాస్త నొక్కుకోగానే ఆపేయాలి, పక్కలకు ఉబ్బిందంటే ఎక్కువైనట్టే. బెజ్జానికీ షీటు అంచుకీ మధ్య కనీసం 20 మిల్లీమీటర్లు వదలండి. డ్రిల్ చేసేటప్పుడు షీటు కింద చెక్క పెట్టి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. బిట్టు అవతలికి దిగే ఆఖరి క్షణంలో చెయ్యి బరువు తీసేయండి, షీటు చిట్లేది సరిగ్గా అక్కడే. నట్లు వదులవకుండా వేసే గమ్ము మాత్రం వద్దు, అది తగిలిన చోట ప్లాస్టిక్ చిట్లుతుంది.

పగులు వచ్చేసి ఉంటే దాని కొసన 3 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే పాకడం ఆగుతుంది. అది కొత్త షీటు తెచ్చేదాకానే.

హెల్మెట్ దడదడ కొట్టుకోవడం

షీటు పై అంచు దాటిన గాలి నేరుగా హెల్మెట్‌కి తగులుతోందన్నమాట. ఖాళీ రోడ్డు మీద అరవైలో పోతూ తల రెండంగుళాలు వంచి చూడండి. చప్పుడు తగ్గితే షీటు ఎత్తు చాలలేదు, లేదా మరీ వెనక్కి వాలి ఉంది. ముందు వాలు మార్చి చూడండి, డబ్బు ఖర్చు లేని పని. కొందరికి షీటుకీ హెడ్‌లైటుకీ మధ్య సందు పూర్తిగా మూసేయడం వల్ల కూడా ఇది వస్తుంది. షీటు వెనక గాలి పలచబడి పైనుంచి వచ్చే గాలిని లోపలికి లాగుతుంది. రెండంగుళాల సందు వదిలితే నా బండికి చాలావరకు తగ్గింది.

ఎత్తు పెంచాలంటే కళ్లకు అడ్డంగా మాత్రం పెంచొద్దు. బండి మీద మామూలుగా కూర్చుంటే పై అంచు ముక్కు దగ్గరికి రావాలి. రోడ్డును అంచు పైనుంచి చూడాలి, షీటులోంచి కాదు. వాన పడిన సాయంత్రం ఉసిళ్లు వచ్చి షీటంతా అంటుకున్నప్పుడు, ఎదురుగా లారీ లైటు పడితే, షీటులోంచి చూసేవాడికి రోడ్డు కనబడదు. షీటు కొయ్యకముందు అట్టముక్క కోసి టేపుతో అంటించి కూర్చుని చూసుకోండి. నేను అట్టలు నాలుగు మార్చాను.

డెబ్బై దాటగానే హ్యాండిల్ అల్లాడటం

దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు. నలభైలో తోసే గాలి ఎనభైలో నాలుగింతలు తోస్తుంది. షీటు హ్యాండిల్‌కే బిగించి ఉంటే ఆ తోపంతా స్టీరింగు మీదికి వస్తుంది. పాత బండి కాబట్టి ముందు కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) లూజుందేమో, టైర్లలో గాలి సరిగా ఉందో లేదో చూడండి. అవి బాగుంటే షీటు వెడల్పు తగ్గించి, కింది క్లాంపులు ఫోర్కుకి మార్చండి. అప్పటికీ తగ్గకపోతే షీటు తీసేసి నడపండి.

హ్యాండిల్ తిప్పితే ఇంజన్ రేజ్ అవ్వడం

యాక్సిలరేటర్ వైరు షీటుకో క్లాంపుకో తగిలి లాగుతోంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి, న్యూట్రల్‌లో, హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి వినండి. కొండకు పోయే ముందు ఇది తప్పనిసరి. తిరుమల నుంచి దిగే దారి 1944 నాటిది, ఆ మలుపుల్లో వైరు లాగితే ప్రాణం మీదికొస్తుంది. వైరు దారి మార్చండి, లేదా షీటు కింది మూల గుండ్రంగా కోయండి. మూల కోణంగా వదిలితే అక్కడినుంచే మళ్లీ పగులు మొదలవుతుంది.

గడగడ శబ్దం

క్లాంపు కింద పాత ట్యూబు ముక్క చుట్టండి.

వంచిన చోట బుడగలు

పాలీకార్బొనేట్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. స్టవ్ మీద వేడిచేస్తే ఆ తేమే ఆవిరై లోపల బుడగలవుతుంది, అవి ఇక పోవు. దాన్ని చల్లగానే వంచాలి. 3 మిల్లీమీటర్ల షీటును అడుగు రేడియస్ కంటే బిగువుగా వంచకండి. అంతకంటే వంపు కావాలంటే మరో డిజైన్ చూసుకోవాలి.

మసకబారడం

పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడిచి ఉంటారు. పాలీకార్బొనేట్‌కి రెండూ పడవు. ఎండిన దుమ్మును పొడిగుడ్డతో రాసినా గీతలే. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము పోనిచ్చి, తర్వాత సబ్బునీళ్లతో మెత్తటి గుడ్డ. ఉసిళ్లు ఎండిపోయి అతుక్కుంటే తడిగుడ్డ పదినిమిషాలు కప్పి ఉంచండి, అవే ఊడి వస్తాయి.