మందు పంపు బ్యాటరీ దిగిపోతోందా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

వేరుశనగ, పత్తి, ఆ తర్వాత నల్లరేగళ్ళలో పప్పుశనగ. మందు కొట్టే పనులన్నీ దాదాపు జూలై నుంచి జనవరి దాకా నడుస్తాయి. ఆపైన బ్యాటరీ పంపు మూలన పడుతుంది. కర్నూలు, అనంతపురం, కడప ఎండల్లో రేకుల కొట్టంలో అది ఊరికే ఉండే ఆ ఐదు నెలలే బ్యాటరీకి గండం. జూలైలో బయటికి తీస్తే రెండు ట్యాంకులకే మోటారు మూలుగుతుంది.

ఇక్కడ చెప్పేది 16 నుంచి 20 లీటర్ల వీపు పంపుల్లో ఉండే 12 వోల్టుల 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) సీల్డ్ లెడ్ బ్యాటరీ గురించి. డబుల్ మోటారు పంపులో 12 ఏహెచ్ ఉంటే అంకెలు కాస్త మారతాయి, పద్ధతి ఇదే. డిజిటల్ మల్టీమీటరు, స్టార్ స్క్రూడ్రైవరు, ఉప్పుకాగితం, టేపు, రబ్బరు గ్లవుజులు దగ్గర పెట్టుకోండి. విప్పే ముందు ట్యాంకును మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి, ఆ నీళ్ళను పొలంలోనే వదలండి. అడుగున మందు తడి లేకుండా తుడిచాకే స్క్రూల మీద చెయ్యి వేయండి.

ముందు వోల్టు చూడాలి

రాత్రంతా కాదు, 6 నుంచి 8 గంటలు ఛార్జి పెట్టండి. ఛార్జరు తీసేసి మూడు నాలుగు గంటలు వదిలేసి, అప్పుడు మీటరు పెట్టండి. తీసిన వెంటనే చూస్తే పైపై వోల్టు 13 దాటి కనబడి మోసం చేస్తుంది. 12.8 దగ్గర ఉంటే నిండినట్టు. 12.2 అంటే సగం. 11.8 అంటే ఖాళీ. ఛార్జి అయ్యాక కూడా 10.5 దగ్గరే నిలబడితే లోపలి ఆరు సెల్లుల్లో ఒకటి షార్టయింది. ఒక్కో సెల్లు 2.1 వోల్టులు కాబట్టి లెక్క సరిపోతుంది. దానికి మందు లేదు, మార్చడమే.

12.8 చూపింది కదా అని బ్యాటరీ బాగుందనుకోకండి. ట్యాంకులో మంచినీళ్ళు పోసి పంపు ఆన్ చేసి, నీళ్ళు కొడుతూ ఐదు నిమిషాలు నడపండి. మోటారు తిరుగుతుండగానే వోల్టు చూడండి. 12 పైన నిలిస్తే ఢోకా లేదు. నిండా ఛార్జి చేసినది ఈ ఐదు నిమిషాల్లోనే 11 కిందికి జారితే దాని పని అయిపోయింది. కొత్త బ్యాటరీ కొనాలా వద్దా తేల్చేది ఈ పరీక్షే.

ఛార్జరు లైటు అరగంటకే పచ్చగా మారుతోంది, ట్యాంకులు మాత్రం రావడం లేదు

ఎక్కువగా కనిపించే రోగం ఇదే. ఛార్జి దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి పొరలా పేరుకుంటుంది. కరెంటు ఆ పొర దాటి లోపలికి పోదు. వోల్టు మాత్రం గబుక్కున పైకి లేస్తుంది, నిండిందనుకుని ఛార్జరు ఆగిపోతుంది. పొర కొత్తదైతే కొంత కరుగుతుంది. కరెంటు తగ్గించి పెట్టగల ఛార్జరు ఉన్న బ్యాటరీ షాపులో 0.8 ఆంపియర్లకు పెట్టించి 10-12 గంటలు నింపించండి. దింపి, మళ్ళీ నింపి, ఐదు నిమిషాల పరీక్ష చేయండి. రెండుసార్లకీ లేవకపోతే వదిలేయండి. పై మూత పీకి నీళ్ళు పోస్తే బాగవుతుందని చెప్పేవాళ్ళున్నారు. కొన్నాళ్ళు పనిచేయవచ్చు కూడా. కానీ ఒకసారి మూత లేచాక యాసిడ్ కారే బ్యాటరీని వీపున మోసుకుని తిరగాల్సి వస్తుంది. ఆ పని చేయకండి.

లైటు ఎర్రగానే ఉంటోంది, బ్యాటరీ వేడెక్కుతోంది

వెంటనే ప్లగ్గు తీయండి. సెల్లు షార్టయి ఉండాలి, లేదా ఛార్జరు నిండాక కూడా ఆగడం లేదు. ఛార్జి చివర్లో బ్యాటరీ దగ్గర 14.4 నుంచి 14.8 వోల్టులు ఉండాలి, నిండాక 13.8 దగ్గరికి దిగాలి. 15 దాటితే ఛార్జరు చెడిపోయినట్టే. పక్కలు ఉబ్బిన బ్యాటరీ కనబడితే దానితో పాటు ఛార్జరునూ అనుమానించాలి. పాత ఛార్జరుకే కొత్త బ్యాటరీ తగిలిస్తే అదీ ఉబ్బుతుంది.

అసలు లైటే రాకపోతే ముందు గోడ ప్లగ్గు, తర్వాత పంపు అడుగున ఛార్జింగు పిన్ను చూడండి. మందు నీళ్ళు దిగి అక్కడ పచ్చని తుప్పు పడుతుంది. బ్యాటరీ మరీ దిగిపోయి ఉంటే కొన్ని ఛార్జర్లు దాన్ని గుర్తుపట్టక మొదలే కావు. అప్పుడూ పైన చెప్పిన షాపు ఛార్జరే దారి.

ఆగి ఆగి తిరుగుతోంది

ఇక్కడే చాలామంది అనవసరంగా బ్యాటరీ కొంటారు. పంపు తలలో ప్రెషర్ స్విచ్చి ఉంటుంది. నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుంటే ప్రెషరు పెరిగి అది మోటారును ఆపేస్తుంది. ప్రెషరు దిగగానే మళ్ళీ తిప్పుతుంది. నాజిల్ తీసేసి నడపండి. ఆగకుండా తిరిగితే బ్యాటరీ తప్పు లేదు, నాజిలూ దాని వెనక చిన్న జల్లెడా పూడుకున్నాయి. సున్నపు బోరునీళ్ళు వాడే చోట తెల్లని పెచ్చు కడుతుంది. వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి టూత్ బ్రష్‌తో తోమండి. పిన్నీసు పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై మందు ఎక్కువ పడుతుంది. నాజిల్ లేకున్నా ఆగి ఆగి తిరిగితే వైరు లూజు, లేదా ప్రెషర్ స్విచ్చే పోయింది.

చప్పుడే లేదు

బ్యాటరీ దగ్గర 12 పైన ఉందా, ఫ్యూజు ఉంటే బాగుందా, మోటారు వైర్ల దగ్గర అంతే వోల్టు వస్తోందా, ఆ వరుసలో చూడండి. మధ్యలో వోల్టు ఎక్కడ మాయమైతే అక్కడే తప్పు. ఎక్కువసార్లు అది బ్యాటరీ క్లిప్పు మీది తుప్పు. ఉప్పుకాగితంతో గీకి, క్లిప్పును కటింగ్ ప్లేయరుతో కాస్త నొక్కి బిగుతు చేయండి. మోటారు దాకా 12 వచ్చినా కదలకపోతే మోటారే పోయింది.

మార్చేటప్పుడు

షాపులోనే మీటరు పెట్టించుకోండి. ఏడాది పాటు అలమరలో ఎండకు మగ్గిన బ్యాటరీ కొత్తదైనా సగం చచ్చినట్టే. 12.6 పైన ఉంటే తీసుకోండి, 12.4 కింద ఉంటే వద్దు. ఈ 8 ఏహెచ్ బ్యాటరీ సుమారు 151 మిల్లీమీటర్ల పొడవు, 65 వెడల్పు, 94 ఎత్తు ఉంటుంది. పాతదాన్ని వెంట తీసుకెళ్తే కొలతలూ క్లిప్పు సైజూ సరిపోల్చుకోవచ్చు. క్లిప్పుల్లో 4.8, 6.3 మిల్లీమీటర్లవి రెండు రకాలున్నాయి. సన్నదానికి వెడల్పు క్లిప్పు తగిలిస్తే లూజై కాలుతుంది.

విప్పగానే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నల్ల వైరు ముందు పీకాలి, తర్వాత ఎర్రది. పెట్టేటప్పుడు ఎర్రది ముందు, నల్లది చివర. తారుమారైతే స్పీడు తిప్పే బోర్డు క్షణంలో కాలిపోతుంది. పాత స్పాంజి ముక్కలు తిరిగి పెట్టండి. బ్యాటరీ లోపల అల్లాడితే క్లిప్పులు ఊడతాయి. పాత లెడ్ బ్యాటరీని పగలగొట్టకుండా అమ్మిన షాపుకే ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. పైగా తుక్కు ధర కూడా వస్తుంది.

లెడ్ బదులు లిథియం బ్యాటరీ పెట్టుకుంటే బరువు తగ్గుతుంది, నిజమే. కానీ మూడు సెల్లుల లిథియం అయాన్ ప్యాకు 12.6 వోల్టులకే నిండుతుంది. పాత లెడ్ ఛార్జరు 14 దాటిస్తుంది. ప్యాకుకు తగ్గ ఛార్జరు కూడా కొనకపోతే లిథియం జోలికి పోకండి.

పని అయిపోయాక

ఈ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర నెలకు 3 శాతం దాకా తనంతట తానే దిగుతుంది. ప్రతి 10 డిగ్రీలకూ అది ఇంచుమించు రెట్టింపవుతుంది. 45 డిగ్రీల రేకుల కింద ఐదు నెలలంటే సగం దాకా పోయినట్టే. సగం ఛార్జితో మూలన పెట్టినదైతే వేసవి ముగిసేసరికి దాదాపు ఖాళీ. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందనే మాట ఈ ప్లాస్టిక్ పెట్టె బ్యాటరీలకు వర్తించదు. దాన్ని దించేది ఎండ వేడి.

జనవరిలో చివరి మందు కొట్టిన రోజే నిండా ఛార్జి పెట్టండి. పొలం నుంచి వచ్చాక బ్యాటరీని గంటసేపు చల్లారనిచ్చాకే పెట్టాలి. నల్ల వైరు పీకి కొసకు టేపు చుట్టి, ఇంట్లో చల్లని గదిలో పెట్టండి. మార్చి నుంచి 45 రోజులకోసారి ఛార్జి పెట్టాలి. జూన్ వానలకు ముందే ఐదు నిమిషాల నీళ్ళ పరీక్ష చేస్తే, తేడా ఉన్నా పురుగు కనబడేలోపు టౌనుకు వెళ్ళి కొత్తది తెచ్చుకునే వ్యవధి ఉంటుంది.