గ్రాఫీన్ ఇంక్ గీతలో కరెంటు పారిందిలా

గ్రాఫీన్ (అతి పలచని కార్బన్ పలకలు) కలిపిన ఇంక్‌తో ప్రింటర్ గీత నల్లగా, నిండుగా గీస్తోంది. మల్టీమీటర్ పెడితే మాత్రం నిరోధం మెగా ఓమ్‌లు, అంటే కరెంటు దాదాపు పారడం లేదు! ఇక్కడే చాలామంది ఇంక్‌ను తిట్టి కొత్త సీసా కొంటారు, దాని ఖరీదు చూస్తే గుండె గుభేల్. అసలు చిక్కు ఇథైల్ సెల్యులోజ్ అనే పాలిమర్‌తో. ఇంక్‌లో గ్రాఫీన్ పలకలు ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడేది అదే, ఎండాక వాటి మధ్య కరెంటును ఆపేదీ అదే. గీత గీసిన కాప్టన్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) షీటును 250 డిగ్రీల సెల్సియస్‌లో అరగంట ఉంచితే ఆ పాలిమర్ చాలావరకు కాలిపోయి, రీడింగ్ కిలో ఓమ్‌లకు దిగింది. పెట్ (PET, నీళ్ల సీసాల ప్లాస్టిక్) షీటుతో ఈ పని చేయకండి, ముడుచుకుపోతుంది.

ఆరిన కాఫీ మరకలా గీత అంచులు దట్టంగా, నడుమ పలచగా వచ్చేది కూడా. ఇంక్‌లోని ద్రావకం సైక్లోహెక్సనోన్‌లో కాస్త టెర్పినియోల్ అనే మరో ద్రావకం కలిపాక తగ్గింది. నాజిల్ (ఇంక్ చిమ్మే సన్నని రంధ్రం) పూడుకుపోతుంటే ముందు ఇంక్‌ను ఫిల్టర్ చేయండి. పలకల సైజు నాజిల్ వ్యాసంలో 50వ వంతు దాటకూడదని లెక్క.