పక్కన ఒకరు బీప్‌లు లెక్కపెడుతుంటే మన కంటికి ఎన్ని మెరుపులు కనిపిస్తాయి? ఇంట్లోనే పరీక్షించుకోవడం ఎలా?

నల్లని తెర మీద తెల్లని చుక్క ఒక్కసారి మెరిసి మాయమవుతుంది. ఆ క్షణంలోనే వెంటవెంటనే రెండు బీప్‌లు వినిపిస్తాయి. చుక్క ఎన్నిసార్లు మెరిసిందని అడిగితే చాలామంది తడుముకోకుండా రెండుసార్లని చెబుతారు. వాళ్లు ఊహించి చెప్పడం లేదు, వాళ్లకు నిజంగానే అలా కనిపిస్తుంది. లదన్ షామ్స్, యుకియాసు కమితాని, షిన్సుకే షిమోజో అనే పరిశోధకులు ఈ భ్రమను 2000లో నేచర్ పత్రికలో ప్రకటించారు. ఒక వస్తువు ఎక్కడుందో తేల్చడంలో మెదడు సాధారణంగా కంటి మాటకు విలువ ఇస్తుంది. అందుకే సినిమా హాల్లో స్పీకర్లు ఎక్కడ ఉన్నా మాట నటుడి నోటి నుంచే వస్తున్నట్లు ఉంటుంది. ఏది ఎప్పుడు జరిగింది, ఎన్నిసార్లు జరిగింది అన్న లెక్కల్లో మాత్రం చెవి కంటికన్నా చురుకైనది కాబట్టి మెదడు దాని వైపే మొగ్గుతుంది.

ఇంతవరకు ఇది ఒక్క మనిషి కథ. పక్కన మరొకరు కూర్చుని అదే తెరను చూస్తూ, మీరు మెరుపులు లెక్కపెడుతుంటే తాను బీప్‌లు లెక్కపెడితే ఈ భ్రమ పెరుగుతుందా, తగ్గుతుందా? బేసిల్ వాన్, ఆయన సహ పరిశోధకులు 2020లో ప్రచురించిన పరిశోధనలో భ్రమ పెరిగింది. ఇద్దరూ ఒకరికొకరు కనిపించకుండా చేసినప్పుడు ఆ పెరుగుదల కనిపించలేదు. దీన్ని ఒక కంప్యూటరు, ఒక దుప్పటి, ఓపిక గల ఒక తోడుతో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. మూర్ఛ ఉన్నవారు, మెరిసే వెలుతురుతో ఇబ్బంది పడేవారు ఈ పరీక్షలో పాల్గొనకూడదు.

వీడియో తయారీ

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెకనుకు 60 ఫ్రేములుండే ప్రాజెక్టు తెరవండి. అప్పుడు ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు ఉంటుంది, మనకు కావలసిన మెరుపు కూడా అంతే. నల్లని నేపథ్యం మధ్యలో చిన్న ప్లస్ గుర్తు పెట్టి, దానికి 5 సెంటీమీటర్ల దిగువన 2 సెంటీమీటర్ల తెల్లని చుక్క ఒక్క ఫ్రేము పాటు కనిపించేలా అమర్చండి. రెండు మెరుపులు కావలసిన చోట మొదటి ఫ్రేములోనూ నాలుగో ఫ్రేములోనూ చుక్క ఉండాలి. ఈ కొలతలు తెర మీద స్కేలు పెట్టి చూసుకోవలసినవే తప్ప సాఫ్ట్‌వేర్ చూపించే అంకెలను నమ్మడానికి లేదు.

బీప్ కోసం ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 3,500 హెర్ట్జ్ స్వరాన్ని 10 మిల్లీసెకన్ల పాటు తయారుచేయండి. మొదటి బీప్ మెరుపుతో పాటే మొదలుకావాలి, రెండోది ఉంటే అది 57 మిల్లీసెకన్ల తరువాత మొదలుకావాలి. ఈ ఎడం సుమారు 100 మిల్లీసెకన్లు దాటితే భ్రమ బలహీనపడుతుంది కాబట్టి ఇక్కడ ఉజ్జాయింపు పనికిరాదు.

ఒక మెరుపు ఒక బీప్, ఒక మెరుపు రెండు బీప్‌లు, రెండు మెరుపులు ఒక బీప్, రెండు మెరుపులు రెండు బీప్‌లు, ఇలా నాలుగు రకాల క్లిప్పులు వస్తాయి. రకానికి 12 చొప్పున 48 క్లిప్పులను కలగాపులగంగా, 5 సెకన్లకు ఒకటి వచ్చేలా కూర్చితే 4 నిమిషాల వీడియో తయారవుతుంది. వరుస మార్చి ఇలాంటివి ఆరు చేయండి. మెరుపులు లెక్కపెట్టే మనిషి చేత మాత్రం ఈ పని చేయించకండి, ఎందుకంటే వరుస ముందే తెలిసినవారి జవాబుకు విలువ లేదు.

తయారయ్యాక ఒకసారి సరిచూసుకోవాలి. ఫోన్ కెమెరాలో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే, దానితో తెరను చిత్రీకరించి నెమ్మదిగా చూడండి. మెరుపు దాదాపు నాలుగు ఫ్రేములు కనిపించి, బీప్ దానితో కలిసి వినిపిస్తే సరే. కలవకపోతే చాలాసార్లు తప్పు బ్లూటూత్ స్పీకరుదే అవుతుంది, ఎందుకంటే అది శబ్దాన్ని ఆలస్యంగా పంపుతుంది. తీగతో కలిపే స్పీకర్లే వాడి, వాటిని తెరకు రెండు పక్కలా ఆనించి పెట్టండి. వీడియోను వాట్సాప్‌లో పంపుకోవద్దు, అది వీడియోను కుదించి ఫ్రేములను పాడుచేస్తుంది.

కూర్చునే పద్ధతి

కన్ను తెరకు 57 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఆ దూరంలో తెర మీది ఒక సెంటీమీటరు కంటి దగ్గర ఒక డిగ్రీ కోణానికి సమానమవుతుంది. బీప్‌ల ఎడం కూడా 57 కావడం కాకతాళీయమే, గుర్తుంచుకోవడానికి మాత్రం పనికొస్తుంది. గదిలో వెలుతురు తగ్గించి, ఫ్యాను ఆపండి. చూపు ప్లస్ గుర్తు మీదే నిలవాలి. చుక్కను నేరుగా చూస్తే భ్రమ పలచబడుతుంది, ఓరచూపుకే అది బాగా చిక్కుతుంది.

మూడు విడతలు

మొదటి విడతలో మీరు ఒంటరిగా కూర్చుని ప్రతి క్లిప్పుకూ ఎన్ని మెరుపులు కనిపించాయో కాగితం మీద రాయండి. రెండో విడతలో తోడు మనిషి మీ పక్కనే, అంతే దూరంలో కూర్చుని బీప్‌లు లెక్కపెట్టాలి. మొదలుపెట్టే ముందు "మెరుపులు నావి, బీప్‌లు నీవి" అని ఒకరికొకరు పైకి చెప్పుకోండి, ఎందుకంటే ఎవరి పని ఏదో ఇద్దరికీ తెలియడమే ఈ పరీక్షకు ప్రాణం. జవాబులు మాత్రం పైకి చెప్పకూడదు. పక్కవారు "రెండు" అంటే మీ కలం కూడా రెండు వైపే జారుతుంది, అప్పుడు మీరు కొలిచేది చూపును కాదు, మొహమాటాన్ని. మూడో విడతలో ఇద్దరికీ మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీయండి. ఇద్దరికీ తెర కనిపించాలి, ఒకరికొకరు కనిపించకూడదు.

అలవాటు, అలసట లెక్కను చెడగొట్టకుండా ఉండాలంటే ఒంటరి, జంట, దుప్పటి అయ్యాక మళ్లీ దుప్పటి, జంట, ఒంటరి అనే వరుసలో తిరిగి రావాలి. మొత్తం 24 నిమిషాలు పడుతుంది, మధ్యలో కళ్లకు విశ్రాంతి ఇవ్వండి.

లెక్క చూడటం

ఒక మెరుపు, రెండు బీప్‌లు ఉన్న క్లిప్పులు ఒక్కో పరిస్థితిలో 24 ఉంటాయి. వాటిలో ఎన్నింటికి "2" అని రాశారో లెక్కపెట్టండి. ఒక మెరుపు, ఒక బీప్ ఉన్న 24 క్లిప్పులలో "2" అని రాసినవి అందులోంచి తీసేయండి, ఎందుకంటే అవి పొరపాట్లే తప్ప భ్రమ కాదు. మిగిలిన అంకెను మూడు పరిస్థితులకూ పోల్చండి. రెండు మెరుపులు, ఒక బీప్ ఉన్న క్లిప్పులను కూడా గమనించండి. ఒకే బీప్ రెండు మెరుపులను ఒకటిగా అతికించడం కూడా ఉంది, కాకపోతే అది అంత బలమైనది కాదు.

జంటగా ఉన్నప్పుడు అంకె పెరిగితే దానికి అర్థమేమిటి? నాకు ఈ విషయంలో ఎక్కువ ఆసక్తి కలిగించేది ఇదే. బీప్‌ల బాధ్యత పక్కవారు తీసుకున్నారు కాబట్టి మనం వాటిని వదిలేసి కంటి పని నిశ్చింతగా చేసుకోవాలని తోస్తుంది. టోబియాస్ హీడ్ బృందం 2010లో స్పర్శ, దృష్టి మీద చేసిన ప్రయోగంలో అలాగే జరిగింది. చేతికి తగిలిన స్పర్శ పైనుంచా కిందనుంచా అని ఒకరు చెబుతుండగా, దారి తప్పించే దీపాలకు పక్కవారు స్పందిస్తుంటే, ఆ దీపాల ప్రభావం తగ్గింది. వాన్ బృందం 2017లో చూపు, వినికిడి మీద చేసిన మరో ప్రయోగంలో కూడా కంటికీ చెవికీ పొంతన లేని సంకేతాల వల్ల కలిగే జాప్యం జంటగా పనిచేసినప్పుడు తగ్గింది. మెరుపుల లెక్కలో మాత్రం ఫలితం ఎదురు తిరిగింది. పక్కవారితో కలిసి పనిచేయడం వల్ల దృశ్యం మీద పెట్టే అవధానం తగ్గి, ఆ సందులో చెవి పైచేయి సాధిస్తుందని పరిశోధకులు భావించారు. కాబట్టి ఉమ్మడి అవధానం, అంటే ఇద్దరూ కలిసి ఒకేదాని మీద మనసు పెట్టడం, ఇంద్రియాల కలయికను ఎప్పుడూ పెంచుతుందనో తగ్గిస్తుందనో ఒక్క ముక్కలో చెప్పేవారిని నేను నమ్మను. పని ఎలాంటిది, అందులో ఎవరి వాటా ఏది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతోంది.

అష్టావధానంలో గంటలు లెక్కపెట్టే అంశం తెలిసినవారికి ఇది మరింత ఆసక్తిగా ఉంటుంది. అక్కడ పద్యం అల్లడం, మధ్యమధ్య మోగే గంటలను మనసులో పోగుచేసుకోవడం రెండూ ఒక్క అవధాని మోయాలి. ఇక్కడ గంటల బరువును వేరొకరికి అప్పగించినా అది మన చూపులోకి చొరబడుతోంది.

మీ ఒక్కరి అంకెలతో ఏదీ రుజువు కాదు. వీలైతే పది జంటల చేత చేయించి, సగం జంటలను దుప్పటి విడతతో మొదలుపెట్టించండి. ఆ తరువాత మరో మార్పు చేసి చూడవచ్చు. తోడు మనిషి కూడా బీప్‌లు మాని మెరుపులే లెక్కపెట్టాలి, మిగతాదంతా అలాగే ఉంచాలి. అప్పుడు కూడా జంట విడతలో అంకె పెరిగితే మనిషి పక్కన ఉండటమే కారణం కావచ్చు. పెరగకపోతే ఆ మనిషి చేస్తున్న పని మీద అనుమానపడాలి.